తప్పుల్లేని ఇంగ్లిష్ తప్పుగా ఎందుకు వినిపిస్తుంది?

ప్రశ్న: మేడమ్, మాది పరకాల దగ్గర పల్లె. పదో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. డిగ్రీ హనుమకొండలో చేశాను. ఇప్పుడు మడికొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. రోజూ సాయంత్రం బ్రిటన్, అమెరికా క్లయింట్లతో ఫోనులో మాట్లాడాలి. ఇంగ్లిష్ వ్యాకరణం మీద నాకు మొదటి నుంచీ పట్టుంది. తోటివాళ్లు తమ ఈ-మెయిళ్లు కూడా నాతోనే దిద్దించుకుంటారు. కానీ ఫోనులో నేను ఒకటి చెబితే క్లయింట్లు ఇంకొకటి అర్థం చేసుకుని మళ్లీ అడుగుతారు. మొన్న మా టీమ్ లీడ్ 'నీ గ్రామర్‌లో తప్పు లేదు కానీ, విసుక్కుంటున్నట్టు వినిపిస్తోంది' అన్నారు. నేను విసుక్కోలేదు. నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లను అడిగితే యాస మార్చుకోవాలి, మూడు నెలల కోర్సు ఉంది అన్నారు. ప్రశ్నకు గొంతు పైకి, జవాబుకు కిందికి అన్నది వాళ్ల మొదటి పాఠమట. చేరమంటారా? వ్యాకరణం వచ్చాక గొంతు సంగతి వేరుగా నేర్చుకోవాలా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: చేరకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీకు యాస మార్పిడి అవసరం లేదు. మీ 'ట'లూ 'డ'లూ పరకాలవే అయినా, లండన్‌లో ఫోను పట్టుకున్న మనిషి చెవి కాసేపట్లో వాటికి అలవాటు పడుతుంది. అలవాటు పడనిది ఇంకొకటి ఉంది. మీరు ఏ మాట మీద నొక్కుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఆగేటప్పుడు గొంతును ఎటు తిప్పుతున్నారు అన్నది. వీటిని ఆయన మీ యాస కింద జమకట్టరు. మీరు చెప్పదలచుకున్న అర్థం అదేననుకుంటారు. వినేవారి తప్పేమీ లేదు. ఇంగ్లిష్‌లో అవి అర్థం చెప్పే పనిలోనే ఉన్నాయి.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: వేరుగా కాదు. బడిలో మనం నేర్చుకున్నది రాసే ఇంగ్లిష్ వ్యాకరణం. కాగితానికి గొంతు ఉండదు కనుక, గొంతుతో నడిచే సగం వ్యాకరణం మన పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. మీ ఈ-మెయిళ్లకు మంచి పేరు, ఫోను మాటకు చెడ్డపేరు రావడంలో వింత లేదు. ఆ సగాన్ని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

తెలుగులో ఈ పనిని ఎవరు చేస్తున్నారో ఒకసారి చూడండి. రవి వచ్చాడు. రవే వచ్చాడు. రవి వచ్చాడా? రవేనా వచ్చింది? రవో ఎవరో వచ్చారు. రవి వచ్చాడు కదా. ఇవన్నీ గొంతులో ఏ మార్పూ లేకుండా, నిద్రమత్తులో చదివినా అర్థం చెడదు. ఏ, ఆ, ఓ అనే మూడు అచ్చులు, ఒక 'కదా', అవసరమైతే మాటల వరుస మార్చడం. వీటితో నిశ్చయం, ప్రశ్న, సందేహం, ఒప్పించడం అన్నీ సాగిపోతాయి. ఇంగ్లిష్‌లో పదం చివర తగిలించడానికి అలాంటి అచ్చులు లేవు. మాటల వరుసా దాదాపు బిగిసిపోయింది. కర్త, క్రియ, కర్మ అంటూ నిలబడిన చోట నుంచి కదలవు. కనుక మన ఏ, ఆ, ఓలు చేసే పనిలో పెద్ద భాగం అక్కడ గొంతు మీద పడింది. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. మిగతాదంతా దీనికి ఉదాహరణలు.

మీ పనిలోంచే ఒకటి తీసుకుందాం. క్లయింట్ 'హావ్ యు ఫిక్స్‌డ్ ద రిపోర్ట్?' అని అడిగారు. మీరు 'వి హావెన్ట్ ఫిక్స్‌డ్ ద రిపోర్ట్' అన్నారు. కాగితం మీద నిర్దోషమైన వాక్యం. మీరు చివరి మాట 'రిపోర్ట్' మీద నొక్కారనుకోండి. ఆయనకు వినిపించేది 'రిపోర్టునైతే సరిచేయలేదు' అని. అంటే ఇంకేదో సరిచేశారన్న మాట. వెంటనే 'మరి దేన్ని సరిచేశారు?' అంటారు. మీరేమో ఇంత స్పష్టంగా చెబితే మళ్లీ అడుగుతారేమిటి అనుకుంటారు. అదే వాక్యంలో 'హావెన్ట్' మీద నొక్కితే 'లేదండీ, ఇంకా చేయలేదు' అని అర్థం. మీరు చెప్పదలచుకున్నది అదే. 'ఫిక్స్‌డ్' మీద నొక్కితే 'సరిచేయడమైతే చేయలేదు', తర్వాత 'మొత్తం కొత్తగా రాశాం' లాంటిదేదో రావాలి. 'వి' మీద నొక్కితే 'మేమైతే చేయలేదు', వేరే బృందం చేసిందేమో. ఒక్క పదం మారకుండా నాలుగు జవాబులు వచ్చాయి. తెలుగులో ఆ తేడాలు చూపడానికి నేను 'ఐతే'ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతూ రావలసి వచ్చింది, గమనించారా?

దీని వెనక ఉన్న సూత్రం పెద్దదేమీ కాదు. ఏ విశేషమూ లేనప్పుడు ఇంగ్లిష్ నొక్కు మాటల గుంపులోని చివరి బరువైన పదం మీద పడుతుంది. బరువైనదంటే నామం, క్రియ, విశేషణం లాంటిది. 'ఆఫ్', 'టు', 'ఇట్' లాంటివి కాదు. కానీ ఆ పదం అప్పటికే మాటల్లోకి వచ్చేసి ఉంటే, దాని మీది నొక్కు వెళ్లిపోతుంది. ఇద్దరికీ తెలిసిన సంగతి మీద నొక్కకూడదు, కొత్త సంగతి మీద నొక్కాలి. మీ క్లయింట్ నోట 'రిపోర్ట్' ఒకసారి వచ్చింది కనుక మీ జవాబులో అది పాతబడింది. దాన్ని మళ్లీ నొక్కితే, పాత సంగతిని ఎందుకు కొత్తగా చెబుతున్నారు, ఏదో తేడా ఉండే ఉంటుంది అని ఆ చెవి వెతుకుతుంది. మన తరగతి గదుల్లో పాఠాన్ని గుంపుగా చదివించేటప్పుడు ప్రతి వాక్యం చివరి పదాన్నీ సాగదీసి, నొక్కి వదలడం అలవాటు చేస్తారు. ఆ అలవాటు ఉద్యోగం దాకా వెంట వస్తుంది. నేను వినే ఇంటర్వ్యూల్లో అన్నిటికన్నా ఎక్కువ అపార్థం తెచ్చేది ఇదే.

తెలుగులో ఈ సమస్య మనకు పెద్దగా తగలకపోవడానికి ఇంకో కారణం, మనం మాటలనే జరుపుకుంటాం. 'రిపోర్టు సోమవారం పంపాం' అంటే ఎప్పుడు అన్నదానికి జవాబు. 'సోమవారం రిపోర్టు పంపాం' అంటే ఏమిటి అన్నదానికి. 'పంపింది సోమవారం' అంటే వాదన మొదలైనట్టే. ఇంగ్లిష్‌లో మాట కదలదు, నొక్కు కదులుతుంది.

ఇక్కడ వ్యాకరణమూ గొంతూ చేతులు కలిపే చోటొకటి చూడండి. 'మీ బృందం రిపోర్టు పంపలేదట కదా' అని ఎవరో అన్నారు. మీరు 'పంపనే పంపాం' అనాలి. 'వి సెంట్ ద రిపోర్ట్' అనే వాక్యంలో, పంపడం నిజంగా జరిగిందన్న సంగతిని మాత్రమే విడిగా నొక్కడానికి చోటు లేదు. 'సెంట్' మీద నొక్కితే పంపడానికీ ఇంకో పనికీ తేడా చెబుతున్నట్టు వినిపించవచ్చు. అందుకని ఇంగ్లిష్ ఒక సహాయక క్రియను తెచ్చి పెడుతుంది: 'వి డిడ్ సెండ్ ద రిపోర్ట్'. ఆ 'డిడ్'కు సొంత అర్థం లేదు. గొంతు వచ్చి పడడానికే దాన్ని అక్కడ నిలబెట్టారు. దాన్ని నొక్కకుండా 'వి డిడ్ సెండ్' అని చదునుగా అనేస్తే వచ్చిన లాభం లేదు. మన పాఠశాలల్లో 'డిడ్' పక్కన మూల క్రియ రావాలని చక్కగా చెబుతారు, దాన్ని నొక్కాలని మాత్రం చెప్పరు.

ఇప్పుడు మన 'ఓన్లీ' కథ. 'హి ఈజ్ దేర్ ఓన్లీ', 'ఐ సెంట్ ఇట్ టుడే ఓన్లీ'. హనుమకొండ చౌరస్తాలో నిలబడి ఎవరితో అన్నా ఇబ్బంది లేదు. 'అక్కడే ఉన్నాడు', 'ఇవాళే పంపాను' అని అందరికీ తెలుసు. మన ఏ-కారానికి ఇంగ్లిష్‌లో జోడీ దొరకక 'ఓన్లీ'ని పట్టుకొచ్చాం. భారతీయ ఇంగ్లిష్‌లో అది స్థిరపడిన వాడుకే; హిందీ వాళ్లూ తమ 'హీ'కి బదులుగా అదే చేస్తారు. కానీ మాంచెస్టర్‌లో వినేవారికి అది 'మాత్రమే'గా వినిపిస్తుంది. ఇవాళ మాత్రమే పంపారా, రేపటి నుంచి పంపరా అని అనుమానం వస్తుంది. మన ఏ-కారానికి అసలైన ఇంగ్లిష్ జోడీ నొక్కు. 'ఐ సెంట్ ఇట్ టుడే', 'టుడే' మీద గొంతు దించండి, సరిపోతుంది.

నిజంగా 'మాత్రమే' అని చెప్పవలసి వచ్చినప్పుడు కూడా 'ఓన్లీ' ఒక్కటే చాలదు. 'ఐ ఓన్లీ టోల్డ్ రమేశ్ అబౌట్ ద డిలే' అన్నప్పుడు ఆ 'ఓన్లీ' దేనికి అంటుకుంటుందో నొక్కు చెబుతుంది. 'రమేశ్' మీద పడితే ఒక్క రమేశ్‌కే చెప్పాను. 'డిలే' మీద పడితే ఆలస్యం సంగతి ఒక్కటే చెప్పాను. 'టోల్డ్' మీద పడితే చెప్పడమే చేశాను, తప్పు పట్టలేదు. ఆఫీసు గొడవల్లో ఈ మూడింటికీ ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

మన వైపు నుంచి ఇంకో తమాషా. 'షి ఈజ్ యాన్ ఇంగ్లిష్ టీచర్' అనే వాక్యంలో 'ఇంగ్లిష్' మీద నొక్కితే ఆమె ఇంగ్లిష్ చెప్పే టీచర్. 'టీచర్' మీద నొక్కితే ఆమె ఇంగ్లండ్ దేశపు టీచర్. మొదటిది సమాసం, రెండోది విశేషణం పక్కన విశేష్యం. మా ఊళ్లో మొదటి రకం వాళ్లలో చాలామంది తమను తాము రెండో రకంగా పరిచయం చేసుకుంటూ ఉంటారు.

నొక్కు తర్వాత విరామం. ఇక్కడ తెలుగు మనకు సాయం చేయదు, ఎందుకంటే తెలుగు ఈ తేడాను సాధారణంగా పట్టించుకోదు. 'కరీంనగర్‌లో ఉండే మా అన్న నిన్న వచ్చాడు' అంటే నాకు ఒక్కడే అన్న ఉన్నాడా, నలుగురిలో కరీంనగర్ ఆయన వచ్చాడా అన్నది ఈ వాక్యం చెప్పదు. మనకు దాంతో పని కూడా లేదు. ఇంగ్లిష్ మాత్రం తేల్చి చెప్పమంటుంది. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ కరీంనగర్' అని ఒక్క ఊపులో అంటే అన్నదమ్ములు ఇంకా ఉన్నారు, వాళ్లలో ఈయన. 'మై బ్రదర్' దగ్గర చిన్నగా ఆగి, 'హూ లివ్స్ ఇన్ కరీంనగర్' అని గొంతు కొంచెం తగ్గించి చెప్పి, మళ్లీ వాక్యం అందుకుంటే అన్న ఒక్కడే, ఊరి పేరు అదనపు సమాచారం. రాసేటప్పుడు మీరు కామాలు సరిగ్గానే పెడతారు. మాట్లాడేటప్పుడు ఆ కామాలను పలుకుతున్నారా? 'ద సర్వర్స్ విచ్ ఫెయిల్డ్ హావ్ బీన్ రీప్లేస్డ్' అన్న వాక్యాన్ని ఆపి ఆపి చెబితే సర్వర్లన్నీ చెడిపోయాయని క్లయింట్ గుండె పట్టుకుంటారు.

క్రియావిశేషణాలతోనూ ఇదే పేచీ. 'హి డిడ్న్ట్ స్పీక్ నాచురల్లీ' అని కలిపి అంటే అతని మాట సహజంగా లేదు. 'హి డిడ్న్ట్ స్పీక్' దగ్గర ఆగి 'నాచురల్లీ' అంటే అతను నోరు విప్పలేదు, విప్పకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

విరామం, స్వరం కలిసి వాక్యాన్ని ఎలా కట్టి ఉంచుతాయో తెలియాలంటే కాజీపేట స్టేషన్‌లో ప్రకటనలు వినండి. రైలు నంబరు ఒక ముక్క, ఊరి పేరు ఒక ముక్క, ప్లాట్‌ఫారం నంబరు ఒక ముక్క. విడివిడిగా రికార్డు చేసి పెట్టుకున్నవాటిని అప్పటికప్పుడు అతికిస్తారు. వ్యాకరణంలో దోషం ఉండదు, ఉచ్చారణ శుభ్రంగా ఉంటుంది. అయినా ఏదో మనిషి మాట్లాడుతున్నట్టు ఉండదు. ఒక్కో ముక్క తన సొంత ఎత్తుపల్లాలతో వస్తుంది. మొత్తం వాక్యానికి ఒక స్వరరేఖ లేదు. రైలు పట్టుకోవడానికి అది చాలు, సంభాషణకు చాలదు.

మూడోది గొంతు తిప్పే దిక్కు. మీ కోచింగ్ సెంటర్ మొదటి పాఠం ఇక్కడే కూలిపోతుంది. 'వేర్ డు యు లివ్?' లాంటి, ప్రశ్నపదంతో మొదలయ్యే ప్రశ్నల్లో గొంతు మామూలుగా కిందికే దిగుతుంది. ప్రశ్న అని చెప్పే పని 'వేర్' చేసేసింది కనుక గొంతుకు ఆ భారం లేదు. దాన్నే పైకి ఎత్తితే 'ఎక్కడన్నారూ?' అని మళ్లీ అడిగినట్టో, మెత్తగా పలకరించినట్టో అవుతుంది. అవును-కాదు ప్రశ్నల్లో పైకి లేవడం ఎక్కువే కానీ, దింపి అడగడమూ మామూలే. ఇక 'యు ఆర్ ఫ్రమ్ వరంగల్' అనే నిఖార్సయిన నిశ్చయార్థక వాక్యాన్ని చివర పైకి ఎత్తితే చాలు, ప్రశ్నయి కూర్చుంటుంది. మన ఆ-కారం చేసే పని అక్కడ పూర్తిగా గొంతు చేసింది. వాక్యం రకాన్ని బట్టి గొంతు నడవదు. వాక్యం చెప్పకుండా వదిలేసినదాన్ని గొంతు పూరిస్తుంది.

తోక ప్రశ్నలు దీనికి మంచి ఉదాహరణ. 'యు ఆర్ ఫ్రమ్ వరంగల్, ఆర్న్ట్ యు?' తోకను కిందికి దింపితే 'మీది వరంగలే కదా'. నాకు తెలుసు, మీరు ఔనంటే చాలు. పైకి లేపితే 'మీది వరంగలేనా?' నాకు నిజంగా తెలియదు. మనకు 'కదా', 'నా' అని రెండు వేర్వేరు పనిముట్లున్నాయి. వాళ్లకు ఒకే తోక, రెండు దిక్కులు. క్లయింట్‌తో 'యు గాట్ ద ఫైల్, డిడ్న్ట్ యు?' అని గట్టిగా దింపారనుకోండి. 'ఫైలు అందిందిగా, ఒప్పుకోండి' అని నిలదీసినట్టుంటుంది. విసుగు అన్న మాట మీ టీమ్ లీడ్‌కు ఇలాంటి చోటే తట్టి ఉంటుంది.

'టీ ఆర్ కాఫీ?' చూడండి. 'టీ' మీద లేపి 'కాఫీ' మీద దింపితే 'టీ తాగుతారా, కాఫీ తాగుతారా', రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. రెండిటి మీదా లేపితే 'టీయో కాఫీయో ఏదైనా తాగుతారా', వద్దనీ అనవచ్చు. మన ఓ-కారం మళ్లీ గొంతులోకి వెళ్లిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దింపి లేపే స్వరం. చివరి బరువైన పదం మీద గొంతు కిందికి దిగి, మళ్లీ కొంచెం పైకి లేస్తుంది. 'ఐ డోన్ట్ ఈట్ ఇన్ ఎనీ హోటల్' అని చివర గట్టిగా దింపితే 'ఏ హోటల్లోనూ తినను'. అదే చివర దింపి లేపితే 'ఏ హోటల్లో పడితే ఆ హోటల్లో తినను', అంటే మంచి హోటలైతే తింటాను! నిషేధం ఎంత దూరం పాకుతుందన్నది తర్కశాస్త్రం విషయం. తెలుగు దానికి రెండు వేర్వేరు నిర్మాణాలు కట్టుకుంది. ఇంగ్లిష్ గొంతు చివర ఒక చిన్న మెలికతో సరిపెట్టుకుంది. తెలుగుకు గొంతుతో బొత్తిగా పని లేదని మాత్రం అనుకోకండి. 'అందరూ రాలేదు' అంటే ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? అక్కడ మనమూ గొంతునే నమ్ముకుంటాం.

ఈ మూడు పొరలనూ, అంటే ఎక్కడ విరవాలి, దేన్ని నొక్కాలి, ఎటు తిప్పాలి అన్నవాటిని, విడదీసి, ఇవి వ్యాకరణంలో భాగమేనని 1960లలో గట్టిగా వాదించినవారు బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త మైఖేల్ హాలిడే. అమెరికాకు చెందిన డ్వైట్ బోలింజర్ దీనికి ఒప్పుకోలేదు. నొక్కు పడేది వ్యాకరణం చెప్పిన చోట కాదు, మాట్లాడేవారి మనసు దేని మీద ఉంటే అక్కడ అన్నది ఆయన వైపు వాదం. పండితుల తగవు సంగతి ఎలా ఉన్నా, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లేవారికి హాలిడే దారే పనికొస్తుందని నా అభిప్రాయం. మనకు ఇది మనోభావంగా నేర్పితే నటన అవుతుంది. ఏ-కారానికి బదులు అని నేర్పితే పట్టుబడుతుంది.

ఇక ఆ విసుగు ముచ్చట. అమెరికన్ పరిశోధకుడు జాన్ గంపర్జ్ 1982లో ప్రచురించిన ఒక ఉదంతం మీకు ఊరటనివ్వవచ్చు. బ్రిటన్‌లోని ఒక పెద్ద విమానాశ్రయంలో సిబ్బంది క్యాంటీన్‌లో భారత, పాకిస్తాన్ మహిళలను కొత్తగా పనిలోకి తీసుకున్నారు. వాళ్లు దురుసుగా ఉన్నారని ఫిర్యాదులు మొదలయ్యాయి. వాళ్లు మాట్లాడిన మాటలు చాలా కొద్ది. ఆ కొద్దిలోనే తేడా దొరికింది. మాంసం తీసుకున్నవారికి గ్రేవీ కావాలా అని అడగాలి. బ్రిటిష్ మహిళలు 'గ్రేవీ?' అని గొంతు లేపేవారు. మనవాళ్లు 'గ్రేవీ' అని దింపేవారు. మనవాళ్ల లెక్కలో అది మామూలుగా అడిగే తీరే. అవతలివారికి అది 'ఇదిగో గ్రేవీ, తీసుకుంటే తీసుకో' అని వినిపించింది. రికార్డు చేసి వినిపిస్తే మొదట ఆ మహిళలకు తేడాయే తెలియలేదు. ఇద్దరూ ఒకే మాట అన్నారు కదా అన్నారు. విడమరచి చెప్పాక, ఇన్నాళ్లూ తమ పట్ల ఆ ముఖాలు ఎందుకు అలా మాడిపోయి ఉండేవో అర్థమైంది.

క్రియాపదం తప్పితే 'ఈమెకు ఇంగ్లిష్ సరిగా రాదు' అనుకుంటారు. స్వరం తప్పితే 'ఈమె మనిషి మంచిది కాదు' అనుకుంటారు. పైగా మీ వ్యాకరణం బాగున్నకొద్దీ ఈ రెండో ముప్పు పెరుగుతుంది. ఇంత చక్కటి ఇంగ్లిష్ వచ్చిన మనిషి కావాలనే ఇలా మాట్లాడుతోందని అనుకుంటారు. మర్యాద విషయంలో మనకు 'మీరు', 'అండి', 'గారు' ఉన్నాయి. 'పంపిస్తారా అండీ' అన్నాక గొంతు ఎలా ఉన్నా మర్యాదకు లోటు రాదు. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకే 'యు'. 'కుడ్ యు సెండ్ మి ద ఫైల్' అన్నది రూపంలో ప్రశ్నే. చివర బరువుగా దింపితే ఉత్తరువవుతుంది. 'ఫైల్' మీద కొంచెం లేపండి, విన్నపం అవుతుంది. ఏనుమాముల మార్కెట్‌లో బేరం చేసే గొంతుకూ, ఇంట్లో పెద్దవాళ్లను అడిగే గొంతుకూ తేడా మీకు తెలియనిది కాదు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఒకే గొంతు వాడుతున్నారు, అంతే.

ఇన్ని చెప్పాను కదా అని అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు నొక్కు పట్టుకోండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు దేనివల్ల అర్థం చెడుతోందో పరిశీలించిన జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో ఇచ్చిన జాబితాలో, ప్రధానమైన నొక్కు సరైన పదం మీద పడడం తప్పనిసరి. గొంతు పైకా కిందికా అన్నది అంత ముఖ్యం కాదు. మీ క్లయింట్లు బ్రిటన్, అమెరికా వాళ్లు కనుక మర్యాద కోసం దిక్కునూ చూసుకోవాలి. అయినా వరుసలో అది రెండోది.

నొక్కుతో పాటే వచ్చే ఒక చిన్న ప్రమాదం 'కెన్'. 'ఐ కెన్ డు ఇట్ టుడే' అనేటప్పుడు 'కెన్'ను నిండుగా, నొక్కి పలికితే అమెరికన్ చెవికి అది 'కాన్ట్'లా వినిపించవచ్చు. వాళ్ల 'కాన్ట్'లో చివరి 'ట్' సరిగా వినిపించదు; అచ్చు నిండుగా ఉందా లేదా అన్నదాన్ని బట్టే చాలావరకు పోల్చుకుంటారు. 'చేస్తాను' అన్నప్పుడు దాన్ని 'కన్' అని నలిపేసి 'డు' మీద నొక్కండి. 'చేయలేను' అన్నప్పుడు 'కాన్ట్'ను నిండుగా నొక్కండి. గడువుల దగ్గర ఈ ఒక్క తేడా మీ ఉద్యోగాన్ని కాపాడుతుంది.

సాధన కోసం పత్రికల సంపాదకీయాలు బిగ్గరగా చదవమంటారు. దాని వల్ల ఊపిరితిత్తులకు లాభం. ఎవరూ అడగని వాక్యంలో నొక్కు ఎక్కడ పడాలో తెలియదు కనుక, ఒంటరిగా చదివితే మళ్లీ చివరి పదం మీదే పడుతుంది. వార్తలు చదివేవారి బాణీనీ అనుకరించకండి, సంభాషణ అలా నడవదు. మీకు కావలసింది ప్రశ్నలు అడిగే ఒక మనిషి. మీ టీమ్‌లో ఒక స్నేహితురాలు చాలు. 'అవర్ టీమ్ సెంట్ ద రిపోర్ట్ ఆన్ మండే' అన్న ఒక్క వాక్యం పెట్టుకోండి. ఆమె ప్రశ్నలు మారుస్తూ పోవాలి: ఎవరు పంపారు? ఏం పంపారు? శుక్రవారం కదా పంపింది? క్లయింట్ టీమ్ కదా పంపింది? మీరు ప్రతిసారీ అదే వాక్యాన్ని పూర్తిగా, నొక్కు మాత్రం మార్చి చెప్పాలి. ఫోనులో రికార్డు చేసి, మర్నాడు ప్రశ్నలు వినకుండా జవాబులు మాత్రమే వినండి. ఏ జవాబు ఏ ప్రశ్నకో మీరే పోల్చుకోలేకపోతే, లండన్‌లో వినేవారూ పోల్చుకోలేరు.

కళ్లతో చూస్తే తప్ప నమ్మకం కుదరదంటే, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన 'ప్రాట్' అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మీ గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో గీతగా చూపిస్తుంది. సరదాకు మంచిదే, కానీ స్నేహితురాలికి ప్రత్యామ్నాయం కాదు. నిజమైన క్లయింట్ల మాటలు మాత్రం అనుమతి లేకుండా రికార్డు చేయకండి.

మీ టీమ్ లీడ్‌తోనూ ఒక మాట చెప్పండి. 'విసుక్కుంటున్నట్టుంది' అన్న తీర్పు వల్ల మీరు దిద్దుకోగలిగిందేమీ లేదు. ఏ వాక్యం దగ్గర అలా అనిపించిందో రాసిపెట్టమనండి. ఆ వాక్యాలు ఒకటి రెండు దొరికితే నాకూ పంపండి. దానికి ముందు క్లయింట్ ఏమన్నారో కూడా రాయాలి, అది లేకపోతే నొక్కు ఎక్కడ పడాలో నేను చెప్పలేను.